సిగరెట్ జబ్బుకు మందు ఉంది, వాడి చూశాను

"మనసు గట్టిగా ఉంటే చాలప్పా, సిగరెట్ అదే పోతుంది" అనేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర మోటార్ రివైండింగ్ షాపు పెట్టి, అప్పులు తీర్చి, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసినవాణ్ణి, నా మనసుకు ఏం తక్కువ? అయినా పొద్దున కళ్లు తెరిచిన అరగంటలోపు ఒకటి పడకపోతే చేతులు వణికేవి, రాగి తీగ చుట్ల లెక్క తప్పేది. దాన్ని జబ్బు అనకుండా ఇంకేమంటారు?

పాపతో కొండారెడ్డి బురుజు మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూర్చుండిపోయాక ఛాతీ డాక్టర్ దగ్గరికి పోయాను. మిషన్ గొట్టంలో గట్టిగా ఊదించి, సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగా ఆడని జబ్బు, మొదలైందన్నారు. దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్లీ ముందులా కాదు, కానీ ఇప్పుడు ఆపితే ఇకమీద పాడయ్యే వేగం తగ్గుతుంది, ఇన్‌హేలర్ కన్నా ముందు అదే అసలు వైద్యం అన్నారు.

తిట్టలేదు. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది కాలుస్తావని అడిగారు, అలవాటు ఎంత ముదిరిందో దాన్నిబట్టే తెలుస్తుందట. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలోనే నికోటిన్, అంటే పొగాకులో అలవాటు పట్టించే పదార్థం, మెదడుకు చేరుతుంది, రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది, అందుకే ఒళ్లు మళ్లీ మళ్లీ అడుగుతుంది. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని చెప్పగానే సిగరెట్ మాన్పించే బుప్రోపియాన్ బిళ్లలు నీకు పనికిరావని పక్కన పెట్టి, ఒంటికి అతికించుకునే 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్, దానితోపాటు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ రాశారు.

నికోటిన్ మానడానికి మళ్లీ నికోటిన్ ఏందని షాపులో అందరూ అడిగినవాళ్లే. ఊపిరితిత్తిని తినేది పొగ, అందులోని తారు, విషవాయువులు. ప్యాచ్ నికోటిన్‌ని మాత్రమే, అదీ మెల్లగా ఇస్తుంది, ఒళ్లు అల్లాడకుండా ఆపుతుంది. ఉన్నట్టుండి నాలుక పీకినప్పుడు గమ్.

ఈ గమ్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే "నాకు పనిచేయలేదు" అనేవాళ్లలో చానామంది దాన్ని బబుల్ గమ్ మాదిరి నమిలేస్తున్నారు. అట్లా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, గుండెలో మంట తప్ప ఇంకేం రాదు. మెల్లగా నాలుగైదుసార్లు కొరికి, నోట్లో కారంగా చురుక్కుమనగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొరకాలి. అట్లా అరగంట. అంతకుముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం ముట్టకూడదు, పులుపు తగిలితే మందు నోటి చర్మంలోకి ఇంకదు.

ప్యాచ్‌తో మన ఊరి ఎండలే తంటా. ఏప్రిల్‌లో చెమటకు ఊడొచ్చేది. భుజం శుభ్రంగా తుడిచి, బాగా ఆరాక, నూనె క్రీము ఏదీ లేకుండా అతికించి, అరచేత్తో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే నిలబడింది. రోజూ చోటు మార్చాలి, లేకుంటే దురద.

మొదటి మూడు నాలుగు రోజులు నరకం, ఇందులో దాచేదేం లేదు. మా అమ్మ "నాయనా, పిల్లోళ్ల మీద అరవాకు, ఆ గమ్ము నోట్లో ఏసుకో పో" అనేది. నిద్ర కూడా రాలేదు. తర్వాత తెలిసింది, సిగరెట్ తాగేవాళ్ల ఒంట్లో కాఫీ టీల్లోని కెఫీన్ త్వరగా కరిగిపోతుందట, మానేశాక అదే టీ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది. టీలు సగానికి తగ్గిస్తే గుండెదడ, టెన్షన్ తగ్గాయి. దగ్గు మాత్రం కొన్నాళ్లు పెరిగింది, ఊపిరితిత్తులు తమను తాము శుభ్రం చేసుకోవడం మళ్లీ మొదలుపెట్టాయన్నారు డాక్టర్.

ప్యాచ్ ఆరు వారాలు 21 మిల్లీగ్రాములది, రెండు వారాలు 14, ఇంకో రెండు వారాలు 7. బాగుందని మధ్యలో ఆపొద్దని, ఒకవేళ ఒకటి కాల్చినా కోర్సు వదలొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. బంకు ముందు నుంచి పోతే ఇప్పటికీ ఒక్కోసారి లాగుతుంది, అయిదు నిమిషాలు ఓపిక పడితే పోతుంది.

మొన్న మళ్లీ ఊదించారు. ఊపిరితిత్తుల బలం చూపే అంకె ఇంకా కిందికి పోలేదు.

పక్క వెల్డింగ్ షాపు అన్నను సోమవారం నేనే తీసుకుపోతున్నా. ఫిట్స్ ఉన్నాయా, గుండెజబ్బు ఉందా, వాడుతున్న మందులేవి, పొద్దున మొదటిది ఎన్నింటికి, ఇవన్నీ కాగితం మీద రాసి పెట్టుకోమన్నా. డాక్టర్ దగ్గరికి రాలేనివాళ్లు సిగరెట్ పెట్టె మీదున్న 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.