కెటమిన్ చికిత్స కోసం అనంతపురంలో ఆసుపత్రి వెతుక్కున్న నా అనుభవం

డిప్రెషన్‌తో ఉన్న మా తమ్ముడికి నిన్నటితో ఆరు కెటమిన్ ఇంజెక్షన్లు పూర్తయ్యాయి. వాడు తేరుకుంటున్నాడు. నాకు మాత్రం ఒక క్లినిక్ మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మా జిల్లాలో ఇదే అవసరం పడి దారి తెలియకుండా తిరిగేవాళ్లు ఇంకా ఉంటారు.

తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే పని అయిపోయింది. అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది. నాయన పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. నేను బెంగళూరులో సైకియాట్రిస్టుకు చూపించాను. ఆయన మొదట థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించాడు, అవి బాగానే ఉన్నాయి. ఒక మాత్ర పూర్తి మోతాదులో వారాల తరబడి వాడాం, పని చేయలేదు. మందు మార్చి మళ్లీ అన్ని వారాలు వాడాం. అదీ అంతే.

అప్పుడు డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి ఈసీటీ, అంటే జనం కరెంటు షాక్ అనేది. అమ్మ ఆ మాట వినగానే ఏడ్చేసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయకూడదని, సినిమాల్లో చూపించేలా ఉండదని ఆయన ఓపిగ్గా చెప్పినా అమ్మ వినలేదు. రెండోది కెటమిన్. తమ్ముడే దీన్ని ఎంచుకున్నాడు.

కెటమిన్ కొత్త మందు కాదు. 1962లో తయారు చేశారు, 1970లో అమెరికాలో మత్తుమందుగా అనుమతి వచ్చింది, మన దగ్గర కూడా ఆపరేషన్ థియేటర్లలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. డిప్రెషన్‌కు తక్కువ మోతాదులో సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తారు. దానికి దగ్గరి చుట్టమైన ఎస్కెటమిన్‌ను ముక్కులో కొట్టే స్ప్రేగా 2019లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కు ఆమోదించింది. ఇంజెక్షన్ సీసా మీద మాత్రం ఇప్పటికీ మత్తుమందు అనే ఉంటుంది, డిప్రెషన్‌కు వాడటం డాక్టరు తన విచక్షణతో, తన బాధ్యత మీద చేసే పని. అందుకే ఏ డాక్టరు, ఏ చోటు అనేదే ఇక్కడ అసలు విషయం.

బెంగళూరులోనే చేయించొచ్చు. అనంతపురం నుంచి అక్కడి మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వెళ్లొచ్చే కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. కానీ వారానికి రెండుసార్లు చొప్పున మూడు వారాలు ఎక్కించాలి. ఎక్కించిన రోజు తల తిరగొచ్చు, వాంతి రావొచ్చు, ఆ మనిషిని హైవే మీద నాలుగు గంటలు కూర్చోబెట్టి తీసుకురావాలి. "మీ ఊళ్లో మత్తు డాక్టరుతో సహా అన్నీ ఉన్న చోటు దొరికితే అక్కడే చేయించుకోండి, నేను లెటర్ రాసిస్తా" అన్నాడు బెంగళూరు డాక్టరు. రాసిచ్చాడు కూడా. ఆ లెటర్ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను.

మొదట దొరికిన క్లినిక్ పేరు రాయను. పెద్ద బోర్డు, ఏసీ హాలు, గోడ మీద మెదడు బొమ్మ. రిసెప్షన్‌లో అమ్మాయి హాలంతా వినిపించేలా "డిప్రెషన్ ఎవరికి, మీకా?" అని అడిగింది. తమ్ముడు తల దించుకున్నాడు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే 2017 చట్టం చెబుతోంది. ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు.

డాక్టరు లెటర్ మడత విప్పి పైపైన చూసి పక్కన పెట్టాడు. ఇంతకుముందు ఏ మాత్రలు, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడాడో అడగలేదు. బీపీ చూడలేదు. బీపీ అదుపులో లేనివాళ్లకు, లేని మాటలు వినిపించే జబ్బు ఉన్నవాళ్లకు, మత్తు పదార్థాల అలవాటు ఉన్నవాళ్లకు ఈ మందు ఇచ్చేముందు ఎంతో ఆలోచించాలని బెంగళూరులో మాకు చెప్పి పంపారు. ఈయన అందులో ఒక్కటీ అడగకుండా "ఆరు సిట్టింగుల ప్యాకేజీ, గ్యారంటీగా నయమవుతుంది, ముందే కడితే డిస్కౌంట్" అన్నాడు. నేను అడ్వాన్సు కట్టాను, రసీదు తీసుకున్నాను. అప్పుడు ఒక చీటీ చేతిలో పెట్టి, "ఇంజెక్షన్ బయట కొనుక్కురండి, మేము ఎక్కిస్తాం" అన్నాడు.

ఇక్కడి నుంచే నా నరకం మొదలైంది.

మామూలుగా మన ఆసుపత్రుల్లో ఇంజెక్షన్లు, సెలైన్లు, దూది కూడా బయట కొని తెమ్మంటారు కదా, అలవాటైన పనే. టవర్ క్లాక్ దగ్గర ఒక మందుల షాపులో చీటీ ఇచ్చాను. కుర్రాడు చదివి లోపలికి వెళ్లి ఓనర్ని పిలుచుకొచ్చాడు. ఆయన చీటీని వెలుతురుకు పట్టి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ చీటీ చూశాడు.

"ఎవరికమ్మా ఇది?"

"మా తమ్ముడికి."

"ఏం చేస్తాడు మీ తమ్ముడు?"

"ఒంట్లో బాగాలేదు."

"బాగాలేకపోతే ఇది రాయరమ్మా. ఇది పార్టీల్లో వాడే సరుకు. ఆ మధ్య పోలీసులొచ్చి మా అందరికీ చెప్పిపోయినారు."

కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లందరూ నావైపు తిరిగారు. వాళ్లలో మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లాడి నాన్న ఉన్నాడు. షుగర్ మాత్రలకు వచ్చాడు. "ఏం మేడమ్, మీరిక్కడ?" అన్నాడు. ఆ పలకరింపులో ఏ తప్పూ లేదు. నాకు మాత్రం ఒళ్లంతా చెమట పట్టింది. లెక్కల టీచరుగా ఈ ఊళ్లో నాకొక పేరుంది. పదో తరగతిలో మా పిల్లలు ఏటా మంచి మార్కులు తెస్తారు, తల్లిదండ్రులు నన్ను చూస్తే లేచి నిలబడతారు. అలాంటిదాన్ని మందుల షాపులో మత్తు సరుకు అడుగుతున్న మనిషిగా నిలబడ్డాను. ఓనర్ ఆధార్ అడిగాడు. ఇచ్చాను. ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. చీటీని కూడా ఫొటో తీసి, "మా దగ్గర లేదు, ఇంకెక్కడా దొరకదు కూడా, ఆ డాక్టర్నే తెచ్చుకోమనండి" అని తిప్పి ఇచ్చాడు. మిగతా షాపుల్లో కొందరు చీటీ పూర్తిగా చదవకుండానే తల అడ్డంగా ఊపారు.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే, "హైదరాబాద్‌లో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా మేడమ్?" అన్నారు. ఒక అక్కకు, తమ్ముడి ప్రాణం కోసం తిరుగుతున్న మనిషికి చెప్పే మాటేనా ఇది?

ఆ రాత్రి కూర్చుని విషయం మొత్తం చదివాను. షాపు ఓనర్ మర్యాద తప్పాడు కానీ అబద్ధం చెప్పలేదు. మన ప్రభుత్వం 2013లో కెటమిన్‌ను షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి కట్టడితో అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అమ్మాలంటే షాపుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి. చీటీ రెండు కాపీలు రాయాలి, అందులో ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. సరుకును తాళం వేసి ఉంచాలి. నా చేతిలో ఉన్నది ఒక్క కాపీ, దాని మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేదు. ఇవన్నీ తెలియాల్సింది డాక్టరుకు. తెలియకపోతే ఆయన ఈ చికిత్స చేయకూడదు, తెలిసీ నన్ను బజారుకు తోలితే ఇంకా ఘోరం.

తర్వాత మోతాదు లెక్క వేశాను. బెంగళూరు డాక్టరు లెటర్‌లో కిలోకు అర మిల్లీగ్రాము అని ఉంది. తమ్ముడి బరువు 68 కిలోలు. ఒక్కసారికి 34 మిల్లీగ్రాములు, ఆరుసార్లకు 204. ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అంటే ఒక్క సిట్టింగుకు నిండా ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. చీటీలో రాసింది పది మిల్లీలీటర్ల సీసాలు రెండు. మొత్తం 1000 మిల్లీగ్రాములు. నా తమ్ముడికి పోగా మిగిలే 796 మిల్లీగ్రాములు ఎవరికి? మళ్లీ మళ్లీ వేసినా అదే జవాబు వచ్చింది. మర్నాడు ఫోన్‌లో అడిగితే "మీకెందుకండీ ఆ లెక్కలు, మాకు తెలుసు" అన్నారు. అక్కడితో ఆ క్లినిక్‌కు దండం పెట్టేశాను.

ఒక్క మాట చెప్పాలి. మన దగ్గర మనసుకు జబ్బు చేసిన మనిషిని చూస్తే చదువుకున్నవాళ్లు కూడా చులకన చేస్తారు. కాలు విరిగినవాడిని ఆటోలో పడుకోబెట్టి పదిమంది సాయం వస్తారు. మనసు విరిగినవాడికి "నీకేం తక్కువ" అని నీతులు చెబుతారు. ఆ చులకన తెలుసు కాబట్టే కొన్ని క్లినిక్‌లు మనతో ఇలా ఆడుకుంటాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేమని, గొడవ చేయలేమని వాళ్ల ధైర్యం. నేను చేస్తాను.

సరైన చోటు చివరికి మా స్టాఫ్‌రూమ్‌లోనే తెలిసింది. సైన్సు టీచరు భర్త ఆపరేషన్ థియేటర్‌లో టెక్నీషియన్. ఆయన చెప్పిన నర్సింగ్ హోమ్‌లో ఎక్కువగా జరిగేవి కాన్పులు, ఆపరేషన్లు. ఒక పెద్దవయసు సైకియాట్రిస్టు తన పేషెంట్లను అక్కడికే తెచ్చి, మత్తు డాక్టరును పక్కన పెట్టుకుని కెటమిన్ ఎక్కిస్తాడు. బోర్డు లేదు, ప్యాకేజీ లేదు. తమ్ముడితో గంటకు పైగా మాట్లాడి, నన్ను బయట కూర్చోబెట్టి వాడితో విడిగా మాట్లాడి, ఈసీజీ తీయించి, "ఇది అందరికీ పని చేయదమ్మా. పని చేసినా కొన్నాళ్లకు తగ్గిపోవచ్చు, మాత్రలు ఆపకూడదు. తరచుగా, ఎక్కువ కాలం వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది, అందుకే ఊరికే పొడిగించను" అన్నాడు. గ్యారంటీ అన్నవాడి కంటే ఈ మాట అన్న మనిషి మీదే నాకు నమ్మకం కుదిరింది. మందు వాళ్ల థియేటర్ బీరువాలోనే ఉంటుంది. నర్సు తాళం తీసి, రిజిస్టర్‌లో రాసి, నాకు సీసా చూపించింది. లేబుల్ మీద ఎర్రటి ఎక్స్ గుర్తు ఉంది. ఎంత తీస్తున్నారో, మిగిలింది ఏం చేస్తున్నారో ఇద్దరు సంతకాలు పెట్టారు. నా లెక్క ప్రకారం 34 మిల్లీగ్రాములే. ఆ మత్తు డాక్టరు "మీరు టీచరా?" అని నవ్వాడు.

ఎక్కించడం నలభై నిమిషాలు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. చేతికి బీపీ పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, పంపు నెమ్మదిగా తోస్తుంటే తమ్ముడు మధ్యలో "అక్కా, నా చేతులు నావి కాదనిపిస్తున్నాయి" అన్నాడు. భయపడొద్దని, కాసేపట్లో పోతుందని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి భయపడలేదు. బీపీ కొంత పెరిగి మళ్లీ దిగింది. తర్వాత రెండు గంటలు కదలనివ్వలేదు. మర్నాటి వరకు బండి నడపొద్దన్నారు. మిగతా సిట్టింగులన్నీ ఇలాగే, చెప్పుకోవడానికేం లేదు.

రెండో వారంలో పొద్దున్నే లేచి తనంతట తనే స్నానం చేశాడు. మొన్న ఉగ్గాని, బజ్జీ కావాలని అడిగాడు. అమ్మ అది కసాపురం స్వామి దయ అంటోంది. అననీ.

మీరు వెతుకుతుంటే ఫోన్‌లోనే అడగండి: మందు మీ దగ్గరే ఉంటుందా, ఎక్కిస్తున్నంతసేపు మత్తు డాక్టరు గదిలో ఉంటాడా, ఊపిరి ఇబ్బందైతే ఆక్సిజన్, సామాను ఉన్నాయా. "బయట కొనుక్కురండి" అంటే ఫోన్ పెట్టేయండి. ధర ఆ తర్వాతి సంగతి. మందు ఖరీదు తక్కువే, మీరు కట్టేది మంచానికీ, కాపలా కాసే మనుషులకూ. ఇంట్లో మనిషి బతకాలని లేదని అంటుంటే మాత్రం క్లినిక్ దొరికేదాకా ఆగకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక ఆ క్లినిక్ సంగతి. అడ్వాన్సు తిరిగివ్వమంటే "ప్యాకేజీ డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదు" అంటున్నారు. రసీదు, ఒక్క కాపీ చీటీ, నా లెక్క కాగితం మూడూ జిరాక్స్ తీయించాను. సోమవారం స్కూలుకు సెలవు పెట్టి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్తున్నాను.