వీసా అక్కర్లేని బార్బడోస్‌కు వీసా

భారత పాస్‌పోర్టుతో బార్బడోస్‌లో 90 రోజుల వరకు వీసా లేకుండా ఉండవచ్చునని తెలియగానే, 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 ప్రపంచ కప్పు గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్‌ను కళ్లారా చూడాలన్న కోరికతో టిక్కెట్లు వెతకడం మొదలుపెట్టాను. హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు. నాకు అందుబాటు ధరలో దొరికింది మయామీ మీదుగా వెళ్లేది. అమెరికాలో విమానం మారడానికి రెండు గంటలు ఆగినా ఇమిగ్రేషన్ దాటవలసిందే, అందుకు వీసా ఉండవలసిందే. పాత పాస్‌పోర్టులో అమెరికా వీసాకు ఇంకా గడువు మిగిలి ఉండబట్టి గట్టెక్కాను గాని, లేకపోతే వీసా అడగని దేశానికి వెళ్లడానికి వీసా ఇంటర్వ్యూకు నిలబడవలసి వచ్చేది!

శంషాబాదులో చెకిన్ దగ్గరా, బ్రిడ్జ్‌టౌన్‌లో దిగాకా అడిగినవి రెండే: తిరుగు టిక్కెట్టు, బస చిరునామా. పక్కనున్న ట్రినిడాడ్‌ను కూడా చూసి రావాలనుకున్నాను. అయితే అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు భారతదేశానికి చేరేవారు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపించాలి, ఆ పత్రం టీకా వేయించుకున్న పది రోజులకు గాని చెల్లదు. ఈ సంగతి ఆలస్యంగా తెలియడంతో ట్రినిడాడ్‌ను మానుకున్నాను.