40 శాతం డ్రైవర్ అంటూ ఎవరూ ఉండరు: నా పరిహారం అప్పీలు

పనిలో గాయపడినవాళ్లకు పరిహారం తేల్చే కమిషనర్ తీర్పులో 6,63,012 రూపాయలు అని చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అందులో ఒక్క మాట మింగుడుపడలేదు. సంపాదించే శక్తిలో నాకు జరిగిన నష్టం 40 శాతమేనట.

2021లో చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు లారీలో గ్రానైట్ లోడు తీసుకెళ్తుంటే ప్రమాదం జరిగింది. కుడి తొడ ఎముక విరిగింది, మోకాలు నుజ్జయింది. రాడ్డు వేసినా మోకాలు సగం కూడా మడవదు. గట్టిగా బ్రేకు తొక్కలేని కాలితో లారీ ఎలా నడపాలి?

పరిహారం లెక్క 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం కట్టారు. అప్పట్లో జీతం ఎక్కువున్నా నెలకు 15,000 వరకే తీసుకునేవారు. అందులో 60 శాతం, అంటే 9,000. నాకు అప్పటికి 40 ఏళ్లు, ఆ వయసుకు చట్టంలో ఇచ్చిన అంకె 184.17. గుణిస్తే 16,57,530. దాంట్లో 40 శాతమే నాకు రాశారు. డాక్టరు కాలికి వేసిన వైకల్యం శాతాన్నే నా సంపాదనకూ అంటగట్టారు. కూర్చుని చేసే పని చూసుకోవచ్చని బీమా కంపెనీ లాయరు వాదించాడు. చిన్నప్పుడే బడి మానేసి స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఆ పని ఎవరిస్తారు? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అప్పీలు హైకోర్టులో వేయాలి, 60 రోజుల గడువు. ఫీజు ఎక్కడి నుంచి తేవాలా అని టెన్షన్ పడుతుంటే, సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉంటే ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుందని యూనియన్ పెద్దాయన చెప్పాడు. అలా న్యాయసేవల కమిటీ ద్వారా నాకు ఒక లాయరు మేడమ్ దొరికారు.

ఆ పరిహార చట్టం సెక్షన్ 30 కింద వేసే అప్పీలులో సాక్షుల్ని మళ్లీ మొదటినుంచి విచారించరని, చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే కేసు వింటారని ఆవిడ మొదటే చెప్పారు. ఫైలంతా చదివి డాక్టరు సాక్ష్యం దగ్గర ఆగారు. ‘ఇతను ఇక హెవీ వాహనం నడపలేడు’ అని ఆయన చెప్పింది రికార్డులో ఉంది. "మనకు ఈ ముక్క చాలండీ" అన్నారు. అందుకే ఇలాంటి కేసు నడుస్తున్న ప్రతి డ్రైవరుకూ చెబుతున్నాను: డాక్టరు బోనెక్కినప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగమని మీ లాయరుకు చెప్పండి. అప్పుడు రికార్డులోకి ఎక్కకపోతే పైకోర్టులో చూపించడానికి ఏమీ ఉండదు.

ఆవిడ ఆధారం చేసుకున్నది ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు. ఎడమ చెయ్యి మోచేతి పైన తెగిపోయిన వడ్రంగి ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమేనని సుప్రీంకోర్టు 1975లోనే ఒప్పుకుంది. చేతి విషయంలో వడ్రంగికి వర్తించిన న్యాయం కాలి విషయంలో డ్రైవరుకు ఎందుకు వర్తించదు?

మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మన్నారు. అక్కడ సంతకం పెడితే ఇక అప్పీలు ఉండదని తెలిసి వద్దన్నాను. ఆ రోజుల్లో అప్పులవాళ్లకు జవాబు చెప్పుకోవడమే అన్నిటికంటే కష్టమైంది. నా భార్య కుట్టుమిషన్ మీదే ఇల్లు గడిచింది.

హైకోర్టు మా వాదన ఒప్పుకుని నష్టాన్ని 100 శాతంగా తీసుకుంది. పెరిగిన సొమ్ముకు కూడా 12 శాతం వడ్డీ కలిపి కట్టమంది. ఆర్డరు కాపీ తీసుకెళ్లి కమిషనర్ ఆఫీసులో ఇచ్చాను. కంపెనీ డబ్బు అక్కడే జమ చేసింది, నేను పిటిషన్ పెట్టి తీసుకున్నాను. ముందు ఆసుపత్రి కోసం చేసిన అప్పు తీర్చాం.