ఇత్తడికి సెగ

ఇత్తడిని సుత్తితో కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, ఆపకుండా కొడితే అంచు చీలుతుంది. మా శ్రీకాకుళం జిల్లా బుడితి పనివాళ్ల చేతులకి ఈ సంగతి బాగా తెలుసు. మధ్యలో కాల్చి, మెత్తబడ్డాక మళ్లీ కొడతారు.

నిన్న వీడియో కాల్‌లో మా బావ అదే పని చేస్తూ కనిపించాడు! ఉండేది అమెరికాలో, లైసెన్సుతో జింకల వేటకి వెళ్తాడు. (మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ మాటే లేదు, అదే మంచిది.) పేల్చిన తూటాల ఖాళీ గొట్టాలు పారేయడు, మళ్లీ మందు నింపి వాడతాడు. రాగి 70, జింకు 30 పాళ్ల ఇత్తడి అది. పేలినప్పుడు ఉబ్బిన గొట్టానికి కందెన రాసి, ఉక్కు అచ్చులోకి నొక్కి కొలతకి తెస్తాడు. 308 అనే రకం తూటా గొట్టం మెడ (బుల్లెట్ కూర్చునే మూతి) సన్నం చేసి 243 అనే సన్న రకంగా కూడా మారుస్తాడు. అలా నొక్కీ నొక్కీ మెడ పెళుసెక్కితే సెగ చూపిస్తాడు, అదీ మెడకీ, దాని కింద వాలుగా ఉండే భుజానికీ మాత్రమే. అడుగు భాగం మెత్తబడకూడదు. పేలుడు ఒత్తిడికి అక్కడ గట్టిదనం లేకపోతే తుపాకీ పేల్చేవాడి ముఖానికే ముప్పు.

ఎక్కడ సెగ చూపించాలో కన్నా ఎక్కడ చూపించకూడదో తెలియడమే అసలు పనితనం అనిపించింది. సంక్రాంతికి వస్తానన్నాడు, బుడితి తీసుకెళ్తాను.