చిక్కీ వ్యాపారం, ముగ్గురు పెద్దదిక్కులు: చిత్తూరులో నా అనుభవం

వేరుశనగ చిక్కీ చేసి అమ్మడానికి చిత్తూరుకు మించిన చోటు లేదని నా నమ్మకం. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ పండుతుంది, ఊళ్ళోనే బెల్లం మండీలున్నాయి, కూతవేటు దూరంలో కాణిపాకం ఉంది. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో పొయ్యి, పళ్ళేలు, తూకం యంత్రం కొనుక్కుని ఇంట్లోనే మొదలుపెట్టాను. చెయ్యి తిరిగిన పనే కాబట్టి చిక్కీ బాగానే కుదిరింది. అయితే చిక్కీ చేయడం వేరు, చిక్కీ వ్యాపారం చేయడం వేరు. ఆ రెండోది నాకు నేర్పినవాళ్ళు ముగ్గురు.

మొదటివారు మా వీధి పెద్దాయన. చాలా ఏళ్ళు మిఠాయి కొట్టు నడిపి కొడుక్కి అప్పగించారు. సలహా అడుగుదామని ఒక పొట్లం తీసుకుని వెళితే, దాన్ని పక్కన పెట్టి లెక్కల పుస్తకం చూపించమన్నారు.

"ఏమమ్మా, కిలో గింజలు వేయిస్తే పొట్టు పోగా ఎంత మిగులుతుంది?"

ఎప్పుడూ తూచి చూడలేదని చెప్పాను. తూచుకుని రమ్మన్నారు. తూచాను. తడి ఆరి, పొట్టు పోయి, పనికిరాని గింజలు ఏరేశాక 900 గ్రాములకు అటూ ఇటూగా తేలింది. అంటే చిక్కీలోకి వెళ్ళే గింజల ధర నేను అంగట్లో ఇచ్చిన ధర కాదన్నమాట. తరువాత ముక్కలు కోసేటప్పుడు విరిగిపోయే అంచుల సంగతి అడిగారు. గ్యాసు, కవరు, ఆటో కిరాయి, కొట్టువాడి లాభం అన్నీ వరసగా రాయించారు. చివర్లో నా కూలి ఎంత వేశానన్నారు. ఇంటి పనే కదా అన్నాను. దానికి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది. "నీ కూలి నువ్వు రాసుకోకపోతే, రేపు పని పెరిగి మనిషిని పెట్టుకున్న రోజు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తావు?"

ఆ లెక్క ప్రకారం పొట్లం ధర పెంచాల్సి వచ్చింది. ఇద్దరు ముగ్గురు కొట్టువాళ్ళు వద్దన్నారు, మిగిలినవాళ్ళు తీసుకున్నారు. అరువు విషయంలో ఆయన పెట్టిన నియమాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు. పాత సరుకు డబ్బు చేతికొచ్చాకే కొత్త సరుకు దించాలి. అరువు పెరిగిన కొట్టులో మన సరుకు వెనక వరసలోకి పోతుందని, అక్కడ పాతబడి మనకే తిరిగి వస్తుందని ఆయన అనుభవం. విరిగిన అంచుల్ని దంచి ఉండలు చుట్టి విడిగా అమ్మమన్నదీ ఆయనే. పిల్లలు చిక్కీ కంటే వాటినే ఎక్కువ కొంటున్నారు.

బెల్లం ఎంపిక కోసం ఆయన మండీకి కూడా వచ్చారు. పచ్చగా మెరిసిపోతున్న దిమ్మెలను దాటుకుంటూ వెళ్ళి, ముదురు రంగువాటి దగ్గర ఆగారు. మెరుపు కోసం కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని, రంగు చూసి మోసపోవద్దని చెప్పారు. ఒక దిమ్మె అంచును వేళ్ళతో విరిచి నాకిచ్చారు. గట్టిగా, విరిగినచోట ఇసుకలా పలుకు కనబడుతూ, చేతికి అంటుకోకుండా ఉంది. పక్క దిమ్మె విరిస్తే సాగింది. సాగే బెల్లంతో పాకం ఎంత కాచినా చిక్కీ నాలుగు రోజుల్లో మెత్తబడుతుందన్నారు. నాలిక మీద ఉప్పు తగిలితే అదీ వద్దన్నారు.

అయినా వానాకాలంలో ఇబ్బంది తప్పలేదు. మా జిల్లాలో నైరుతి వెళ్ళినా వానలు ఆగవు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో గాలి తేమగా ఉంటుంది. ఆ రోజుల్లో పొట్లాలు లోపల చెమర్చేవి. అప్పుడే సంఘంలోని ఒకావిడ ద్వారా, తిరుపతిలో ఆహార శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న మేడం పరిచయమయ్యారు.

మేడం పద్ధతి పూర్తిగా వేరు. పెద్దాయన పాకం చుక్కను నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళానికి కొట్టి "టంగు"మంటేనే దించమంటారు. మేడం ఉష్ణమాపకం కొనమన్నారు. రెండూ కలిపి చూశాను. నా బెల్లానికి ఆ మోత వినిపించే సమయంలో ముల్లు 145 డిగ్రీల దగ్గర ఉంటోంది. ఈ ఒక్క సంఖ్య వల్ల నేను లేని రోజు కూడా పని ఆగకుండా సాగుతోంది. పాకం మోత వినడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, అంకె చదవడం మా దగ్గర పనిచేసే అమ్మాయికి ఒక పూటలో వచ్చేసింది. వేడి మీద పొట్లం కట్టవద్దని, అలాగని చల్లారాక పళ్ళెంలో వదిలేయవద్దని కూడా మేడం చెప్పారు. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి చల్లారిన వెంటనే సీలు వేయాలి.

ఆవిడ గట్టిగా పట్టుబట్టింది మాత్రం గింజల ఏరివేత మీద. రంగు మారినవి, ముడుచుకున్నవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయిస్తే పోతుంది కదా అని అడిగాను. పూర్తిగా పోదన్నారు. పసిపిల్లలు తినే వస్తువు ఇది. ఏరివేత కూలి ఎంతయినా సరే, అందులో తగ్గించకూడదని ఆరోజే నిర్ణయించుకున్నాను.

కవరు దగ్గర ఇద్దరికీ కుదరలేదు. తేమ చొరబడని పొరల కవరు కావాలని మేడం అంటే, పది రోజుల్లో అమ్ముడయ్యే సరుకుకు అంత ఖర్చెందుకని పెద్దాయన. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఊళ్ళో కొట్లకు మామూలు కవరు, దూరం వెళ్ళేవాటికి, వానల నెలల్లో అన్నిటికీ పొరల కవరు వాడుతున్నాను. పెద్దలు చెప్పిన రెండు మాటలు ఎదురుబొదురుగా నిలబడినప్పుడు తేల్చాల్సింది మన లెక్కల పుస్తకమే. సలహా ఇచ్చేవారికి మన ఖాతా కనబడదు, మనకు కనబడుతుంది.

కాగితాల పని పెద్దగా చెప్పుకోవాల్సింది కాదు. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదుకు నేను చేయించినప్పుడు, ఏటా 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్నవారికి ఏడాదికి 100 రూపాయల రుసుము. పొట్లం మీద ఆ 14 అంకెల సంఖ్య, పదార్థాల వివరం, బరువు, ధర, తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య, ఆకుపచ్చ చుక్క, వేరుశనగ పడనివారికి హెచ్చరిక ఉండాలి.

యంత్రాలు కొనే దశలో మూడో వ్యక్తి అవసరం పడింది. 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద, నేను దరఖాస్తు చేసినప్పటి నిబంధనల ప్రకారం, చిన్న ఆహార తయారీ యూనిట్లకు ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ. మన వాటా కనీసం 10 శాతం పెట్టాలి, మిగిలింది బ్యాంకు రుణం. దరఖాస్తు, ప్రాజెక్టు నివేదిక సిద్ధం చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. ఆయనకు డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది. మనం ఒక్క రూపాయి ఇవ్వనక్కర్లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి. మా దగ్గరికి వచ్చిన అబ్బాయి "అక్కా" అంటూ ఓపిగ్గా అన్నీ విడమరిచాడు. చాలామందికి తెలియని విషయం ఒకటి అతనే చెప్పాడు. రాయితీ మన చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా ఉంటుంది, ఆ మేరకు మనకు వడ్డీ పడదు. మూడేళ్ళపాటు వాయిదాలు సక్రమంగా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో సర్దుబాటు అవుతుంది.

రాయితీ ఎక్కువ వస్తుందని అతను పెద్ద ప్రాజెక్టు వేద్దామన్నాడు. అసలు అప్పే వద్దని పెద్దాయన. నేను గింజలు వేయించే డ్రమ్ము, పొట్టు తీసే యంత్రం, కోత బల్ల వరకే ప్రాజెక్టులో రాయించాను. చేతిపని ఎక్కడ ఆగిపోతోందో రోజూ చూస్తున్నది నేనే కదా. పాకం ఇప్పటికీ చేత్తోనే. బ్యాంకులో అడిగిన ప్రశ్న ఒక్కటే గట్టిది. చలికాలంలో, సంక్రాంతికి, కాణిపాకం బ్రహ్మోత్సవాలకు అమ్మకాలు బాగుంటాయి సరే, ఎండాకాలంలో వాయిదా ఎలా కడతారని. లెక్కల పుస్తకం తీసి నెలవారీ అమ్మకాలు చూపించాను. వేసవి నెలల్లో తగ్గిన మాట నిజమే, అయినా వాయిదాకు సరిపోతున్నాయి. రుణం మంజూరవడానికి చాలా ఆలస్యమైంది, ఆ తిరుగుడు ఎవరికైనా తప్పదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు వేలూరు నుంచి అడుగుతున్నారు. మనకు పక్క ఊరే అయినా అది తమిళనాడు. సరుకు రాష్ట్రం దాటితే అమ్మకాలు ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఈ సంగతి కూడా ఆ తమ్ముడే ముందుగా చెప్పడం వల్ల, మాట ఇచ్చేలోపే నమోదు చేయించుకున్నాను. పొట్లం మీద తమిళంలో కూడా పేరు వేయించాలని మేడం అంటున్నారు. వేలూరు కొట్టువాళ్ళు నెలరోజుల అరువు అడుగుతున్నారు. పెద్దాయన నియమం ప్రకారం నేను ఒప్పుకోలేదు. వారానికోసారి డబ్బు ఇచ్చే రెండు కొట్లతోనే మొదలుపెడుతున్నాను.