పేపర్ అచ్చయింది సరే, వెతికితే దొరుకుతోందా?

రేనాటి చోళుల శాసనాల మీద, వేరుశనగ మీద, కరువు మీద మన రాయలసీమలో ఎంతో కష్టపడి రాసిన పరిశోధన పేపర్లున్నాయి. వాటిలో చాలా భాగం, పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కనబడవు. లింకును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినంత మాత్రాన ఈ లోటు తీరదు. ముందు ఫైలును సరిచేసుకోవాలి.

మీ పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగులాగే వస్తే ఇబ్బంది లేదు. అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తే అది అను లాంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన ఫైలు. అసలు సెలెక్టే కాకపోతే స్కాన్ చేసిన బొమ్మ. ఈ రెండు రకాల ఫైళ్లలోనూ మీరు రాసిన తెలుగు మాటతో వెతికితే ఫలితం రాదు. డీటీపీ చేసినవారి దగ్గర పేజ్‌మేకర్ ఫైలు అడిగి తీసుకుని, కన్వర్టరుతో యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి) మార్చండి. మార్చాక ఒత్తుల్ని, ముఖ్యంగా క్రారవడిని, వరుసగా చూసుకోవాలి. మధ్యలో ఉన్న ఇంగ్లీషు ముక్కలు కూడా తెలుగు అక్షరాల చెత్తగా మారిపోతాయి, వాటిని మళ్లీ టైపు చేయక తప్పదు. అంత ఓపిక లేకపోతే కనీసం శీర్షిక, సారాంశం, కీవర్డులైనా యూనికోడ్‌లో పెట్టండి.

మొదటి పేజీలో అన్నిటికంటే పెద్ద అక్షరాలు శీర్షికవే కావాలి, దాని కిందే రచయితల పేర్లు. పత్రిక పేరో కాలేజీ పేరో అంతకన్నా పెద్దగా ఉంటే స్కాలర్ దాన్నే శీర్షిక అనుకునే ప్రమాదముంది. ఫైలు 5 ఎంబీ దాటకూడదు.

కీవర్డుల్లో ఊరి పేరు దగ్గర జాగ్రత్త. కడపకు ఇంగ్లీషులో ‘సి’తో మొదలయ్యే పాత స్పెల్లింగు ఉంది, భూగర్భశాస్త్రంలో కడప బేసిన్‌ను ఇప్పటికీ అలాగే రాస్తారు. అనంతపురానికీ రెండు మూడు రూపాలున్నాయి. పాతదీ కొత్తదీ రెండూ ఇవ్వండి.

మన పేర్లతో ఇంకో చిక్కు. ఇంటిపేరు ఒక పేపర్లో ముందు పొడి అక్షరంగా, ఇంకో దాంట్లో చివర, మరో దాంట్లో పూర్తిగా పడితే ఒకే మనిషి ముగ్గురవుతారు. ఒక రూపం ఖాయం చేసుకుని అదే వాడండి. పరిశోధకులకు గుర్తింపు సంఖ్యలిచ్చే ఆర్కిడ్ (ORCID) సైట్‌లో ఉచితంగా 16 అంకెల గుర్తింపు తీసుకుని ప్రతి పేపరుకూ జతచేయండి.

డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) లేని పత్రికలో వచ్చిన వ్యాసమైతే, సంపాదకుల దగ్గర ఈమెయిల్లో అనుమతి తీసుకుని, పరిశోధనలను దాచిపెట్టే జెనోడో (Zenodo) సైట్‌లో పెట్టండి. అక్కడ డీఓఐ ఉచితం. పత్రిక ఇచ్చిన డీఓఐ ఇదివరకే ఉంటే కొత్తది తీసుకోకుండా దాన్నే నింపాలి, లేదంటే ఉల్లేఖనలు (ఇతరులు మీ పేపరును ప్రస్తావించిన లెక్క) రెండు చోట్లకు చీలిపోతాయి. పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు తమ చివరి పీడీఎఫ్‌ను పెట్టనివ్వవు. సమీక్ష పూర్తయి ఆమోదం పొందిన మీ రాతప్రతిని మాత్రం, కొన్నిసార్లు కొంత గడువు తర్వాత, పెట్టుకోనిస్తాయి. ఆ పత్రిక నియమం చదివాకే అప్‌లోడ్ చేయండి.

స్కాలర్ ప్రొఫైల్‌ను యూనివర్సిటీ ఈమెయిల్‌తో ధ్రువీకరించకపోతే అది వెతుకులాటలో రాదు. కొత్త పేపర్లు వాటంతటవే చేరే ఏర్పాటును మార్చి, ముందు మీకు చూపించేలా పెట్టుకోండి. రెడ్డి, రావు, నాయుడు పేర్లున్నవారి ఖాతాల్లో పక్కవాళ్ల పేపర్లు సులువుగా వచ్చి చేరతాయి, అలాంటివి కనబడిన వెంటనే తీసేయండి.