చందా ఎందుకిస్తారు, ఎందుకు మానేస్తారు

మన బడి లైబ్రరీలో ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీలో ఊదారంగు ముద్ర, దాని కింద చేతిరాతతో దాత పేరు, తేదీ ఉండేవి. ఆ పేర్ల వాళ్లలో చాలామందిని మనం ఎన్నడూ చూడలేదు. తమకు తిరిగి ఏమీ రాని పనికి వాళ్లెందుకు డబ్బిచ్చారంటే ‘మంచి మనసు’ అని ఒక్క మాటలో చెప్పేస్తాం. ఈరోజు పూర్వ విద్యార్థుల సంఘం నడిపేవాళ్లకు ఆ జవాబు చాలదు. మంచి మనసున్నవాళ్లే ఎంతోమంది పైసా ఇవ్వకుండా ఉండిపోతున్నారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే.

దాతృత్వం మీద వచ్చిన వందలాది పరిశోధనలను రెనే బెకర్స్, పమేలా వీప్‌కింగ్ అనే పరిశోధకులు 2011లో ఒకచోట చేర్చి పరిశీలించారు. ఎనిమిది కారణాలు తేలాయి: అవసరం తెలియడం, ఎవరైనా అడగడం, ఇచ్చేవారికి కలిగే లాభనష్టాలు, పరుల మేలు కోరడం, నలుగురిలో పేరు, మనసుకు తృప్తి, నమ్మిన విలువలు, ఇచ్చింది పనికొస్తుందన్న నమ్మకం. వీటిలో విలువలనూ దయాగుణాన్నీ మనం కొత్తగా ఎవరిలోనూ నాటలేం. అవసరం తెలియజేయడం, అడగడం, నమ్మకం నిలబెట్టడం మాత్రం పూర్తిగా మన చేతిలో పనులే.

తృప్తి సంగతి కూడా చిన్నది కాదు. బడి బాగుపడితే చాలనుకునేవాడు, వేరొకరు ఇచ్చారని తెలియగానే తన చెయ్యి వెనక్కి తీసుకోవాలి. చాలామంది అలా చెయ్యరు. తమ వంతు తాము ఇవ్వడంలోనే ఒక ఆనందం ఉందని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990లో వివరించారు. అందుకే ‘పెద్ద దాత దొరికారు, ఇక మీరు ఇవ్వనక్కర్లేదు’ అని చిన్న దాతలతో అనకూడదు. ఒక అలమరో, ఒక బెంచీయో వాళ్లదంటూ మిగల్చాలి.

అడిగే పద్ధతిలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టి ఊరుకుంటే, ఇంకెవరో ఇస్తారులే అని ప్రతివారూ అనుకుంటారు. బ్యాచ్‌కొకరు బాధ్యత తీసుకుని, ఒక్కొక్కరు పదిమందికి మించకుండా, తమకు బాగా తెలిసినవాళ్లకే ఫోన్ చెయ్యాలి. ఏ వస్తువుకు, ఎంత, ఎప్పటిలోగా అన్నవి మొదటి మాటల్లోనే రావాలి. అడిగేవారు ముందు తమ వంతు కట్టి ఉండాలి. కాదనడానికి కూడా దారి వదలాలి: విరాళం కోసం ఫలానా వేళకు వస్తున్నామని ముందే చీటీ పెడితే తలుపు తీసేవాళ్లు 9 నుంచి 25 శాతం తగ్గారని 2012లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. అంటే ముఖం మీద కాదనలేక తప్పుకునేవాళ్లు ఉంటారన్నమాట. మొహమాటంతో ఇచ్చినవాళ్లు మరుసటి ఏడు ఫోనే ఎత్తరు.

బహిరంగంగా ప్రకటించేముందు కొంత డబ్బు చేతిలో ఉండాలి. అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల కోసం చేసిన విరాళాల సేకరణలో ఆర్థికవేత్తలు జాన్ లిస్ట్, డేవిడ్ లకింగ్-రైలీ ఇదే పరీక్షించారు. లక్ష్యంలో ముందే సమకూరినట్టు చెప్పిన వాటా 10 శాతం నుంచి 67 శాతానికి పెరిగితే, వచ్చిన చందాలు దాదాపు ఆరు రెట్లయ్యాయి. పని సగంలో ఆగిపోదన్న ధీమా కుదిరితే జేబు తెరుస్తారు. కనుక సగానికి పైగా దగ్గరివాళ్ల నుంచి సమకూర్చుకున్నాకే ప్రకటన వెయ్యడం మేలు. పెద్ద దాత ఉంటే ‘మీరెంతిస్తే నేనంత’ అనిపించండి. డీన్ కార్లన్ అనే మరో ఆర్థికవేత్తతో కలిసి లిస్ట్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఈ మాటతో ఒక్కో ఉత్తరానికి వచ్చిన మొత్తం 19 శాతం పెరిగింది; రెండింతలు, మూడింతలు కలుపుతామన్నా అంతకు మించి ఫలితం రాలేదు.

సమయం ఇచ్చేవాళ్ల లెక్క వేరు. ‘వీలున్నప్పుడు రండి’ అంటే ఎవరూ రారు. ఫలానా రోజు, రెండు గంటలు, ఈ ఒక్క పని అనాలి. వచ్చేసరికి తాళంచెవి, సామాను, చేయించే మనిషి సిద్ధంగా ఉండాలి. ఒకసారి వచ్చి ఊరికే నిలబడి వెళ్లినవారు రెండోసారి రారు. చిల్లర ఆశ చూపడం మరీ చేటు. ఆర్థికవేత్తలు గ్నీజీ, రుస్టికినీ 2000లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేశారు. వసూలైన దానిలో 1 శాతానికి సమానమైన ప్రతిఫలం దక్కుతుందని విన్నవాళ్లు, ఏమీ దక్కదని విన్నవాళ్లకంటే తక్కువ చందాలు తెచ్చారు. 10 శాతం అన్నా ఉచితంగా తిరిగినవాళ్లను అందుకోలేకపోయారు.

చందా మానెయ్యడానికి ఒక ముఖ్య కారణం ఇచ్చిన తర్వాతి మౌనం. రసీదు ఆ వారంలోనే వెళ్లాలి. పని ముగిశాక ఫొటో, బిల్లు నకలు, మిగిలిన నిల్వ వివరం పంపాలి. పని ఆలస్యమైతే అదీ చెప్పాలి. డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు, ఎంత నిజాయితీపరుడైనా సరే. సంఘం ఖాతాకు రెండు సంతకాలు ఉంటే అనుమానమే పుట్టదు.

ఇక నిర్వహణ. కొత్త వస్తువుకు దాత తేలిగ్గా దొరుకుతారు, దాన్ని నడిపించడానికి దొరకరు. మంచినీటి యంత్రాన్నే తీసుకోండి. ముందుండే కాట్రిడ్జ్, అంటే మురికిని ఆపే వడపోత గొట్టం, మురికితో పూడుకుపోయి ధార సన్నబడుతుంది. దాన్ని మార్చకుండా వదిలేస్తే నీటిని శుద్ధి చేసే లోపలి పొర (మెంబ్రేన్) పాడై, చివరికి యంత్రమంతా మూలపడుతుంది. సేకరించిన ప్రతి మొత్తంలోంచి కొంత నిర్వహణకని మొదటే పక్కన పెట్టాలి, ఆ సంగతి చందా అడిగేటప్పుడే చెప్పాలి. దాత పేరు రాయించే పలక మీదే, ఏ నెలలో ఏ భాగం మార్చాలో, ఆ బాధ్యత ఏ బ్యాచ్‌దో కూడా రాయించండి. దాని నకలు ఒకటి బడి ఆఫీసులో, ఒకటి కార్యదర్శి దగ్గర ఉండాలి.